పన్నెండో పేరు

డేవిడ్ రాజు కట్టిన లైబ్రరీలో పేర్లు నూట నలభై. అందులో బయటివాళ్లు పిలవదగ్గవి పదకొండే. తక్కినవన్నీ వంటింటి సరంజామా. చుట్టాలు చూడకూడదని కాదు, చుట్టాలకు వాటితో పని లేదు.

లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, సి భాషలో రాసిన ప్రోగ్రాముల మూట. క్రేను దగ్గర నడిచే ప్రోగ్రామూ, లారీల కాటా దగ్గరిదీ, ఆఫీసు గదిలోదీ, అన్నీ ఆ ఒక్క మూటనే పంచుకుంటాయి. ఫలానా పని చేసిపెట్టమని పేరు పెట్టి పిలుస్తాయి, మూట చేసిపెడుతుంది. ఆ పేర్లనే ఆ వృత్తిలో సింబల్స్ అంటారు. ఏ పేరు బయటికి కనపడాలి, ఏది లోపలే అణిగి ఉండాలి అన్నది లైబ్రరీ కట్టినవాడి ఇష్టం. ఇష్టం అంటే బాధ్యత కూడాను. ఆ రెండో ముక్క మనవాళ్లకు ఎప్పుడూ ఆలస్యంగానే గుర్తొస్తుంది.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన, టైర్లకు కొత్త తొడుగు వేసే షాపు మేడ మీద రెండు గదులు ఆ కంపెనీ. గూడ్సు బండి వెళితే కంప్యూటర్ల మీద టీ గ్లాసులు వణికేవి. యజమాని సన్యాసిరాజు స్టీలు ప్లాంటులో తూనిక యంత్రాల దగ్గర ఇరవయ్యేళ్లు పనిచేసి, ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి వచ్చి ఇది పెట్టాడు. వస్తూ వస్తూ ఒక అలవాటు వెంట తెచ్చుకున్నాడు. బయటికి వెళ్లే ప్రతి లైబ్రరీతోపాటు ఒక కాగితం వెళ్లాలి. అందులో పిలవదగ్గ పేర్ల జాబితా, కింద దాన్ని రాసినవాడి సంతకం ఉండాలి.

"కాయితం మీద ఉన్నదానికి మనం పూచీ. లేందానికి మనకి సమ్మందం లేదు" అనేవాడాయన.

పోర్టు పక్కన ఇనుప సామాను ఎగుమతి చేసే ఒక ప్రైవేటు యార్డు ఉంది. 1999లో వాళ్ల క్రేనుకు బరువు చూసే యంత్రం పెట్టే పని ఈ కంపెనీకి వచ్చింది. పరిమితి దాటిన బరువు తగిలిస్తే క్రేను ఎత్తకూడదు. అదీ పని. డేవిడ్ రాజు నెల రోజులు యార్డులోనే కూర్చున్నాడు. ముక్కులో ఇనుప ధూళి, నెత్తి మీద ఎండ. లెక్కలన్నీ సరిపోయేవి గానీ బరువు మాత్రం ప్రతిసారీ తక్కువ చూపించేది. ఎందుకో అంతుపట్టలేదు.

దాన్ని విప్పి చెప్పినవాడు వరహాలు. క్రేను కింద నిలబడి సరుకుకు వైరు తాళ్లు తగిలించే ఖలాసీ. పుట్టింది సముద్రంలో చేపల వేటకెళ్లే ఇంట్లో. పడవ పోయాక ఈ పనిలో చేరాడు. బడికి వెళ్లిన మనిషి కాదు. అయితేనేం, బరువు సంగతి అతనికి తెలిసినట్టు యార్డులో ఇంజనీరుకు కూడా తెలియదు.

"ఎత్తీ ఎత్తగానే బరువు సెప్పమంటే ఎలాగ బాబూ?" అన్నాడు వరహాలు నవ్వి. "అప్పటికింకా సగం బరువు నేలే మోస్తంటాది. జానెడు ఎత్తి ఆపు. నేల సెయ్యి ఇడిసీవరకూ ఆగు. ఊగుడు తగ్గనీ. అప్పుడు సూడు."

"ఎంతసేపు ఆగాలి బాబాయ్?"

క్రేను ఒక రాడ్ల కట్టను జానెడు ఎత్తగానే వరహాలు చెయ్యి చాచి, చూపుడువేలు మొదలు చిటికెనవేలి దాకా ఒక్కొక్కటే మడిచాడు. నాలుగో వేలు మడిచాక కట్ట వంక గడ్డం ఎగరేశాడు. యంత్రంలో అంకె కదలకుండా నిలిచింది. డేవిడ్ రాజు వాచీ చూసుకున్నాడు. నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లే లైబ్రరీకి ప్రాణం. 'లిఫ్ట్ పర్మిట్' అని బయటి పేరు ఒకటి పెట్టాడు. దాన్ని పిలిస్తే అది నాలుగు సెకన్లు ఆగి, ఆ తర్వాత లోపల 'చెక్ నౌ' అనే చిన్న పనిని పిలుస్తుంది. చెక్ నౌ ఆ క్షణాన ఉన్న బరువు చూసి అవుననో కాదనో చెప్పేస్తుంది. అవునంటే క్రేను స్తంభం మీద పచ్చలైటు వెలుగుతుంది, క్రేను పైకి కదులుతుంది. ఆగడం తెలియని చెక్ నౌ బయటివాడి చేతిలో పడకూడదు. అందుకని దాని పేరు ముందు ఒక అండర్‌స్కోరు గీత తగిలించాడు, కాగితం మీద రాయలేదు. గీత ఉన్న పేరును పరాయివాడు ముట్టడని ఆ మేడ మీద నలుగురూ నమ్మారు. పాపం, అక్కడ ఎవరూ ముట్టలేదు కూడా.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. గుమ్మంలో ముగ్గు గీసి దొంగ దాటడనుకునేవాణ్ణి ఏమనాలి? గీత గీసినంత మాత్రాన పేరు దాగదు. లైబ్రరీలోని పేర్లన్నీ వరసగా చూపించే చిన్న కమాండు ఒకటి ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. రెండక్షరాలు కొడితే చాలు, వంటింటి గిన్నెలు కూడా వీధిలోకొచ్చి నిలబడతాయి. డేవిడ్ రాజుకు అది తెలియక కాదు. మనవాళ్లు అలాంటి పని చెయ్యరనుకున్నాడు.

చేసినవాడు మనవాడే. డేవిడ్ రాజు చెల్లెలు ఎవాంజలిన్‌ను 2001లో జ్ఞానాపురం చర్చిలో పెళ్లాడిన సుందర్ రాజ్. మంచివాడే, చురుకైనవాడు. పెళ్లినాటికి ఉద్యోగం లేకపోతే డేవిడ్ రాజే యార్డు మేనేజరుకు చెప్పి అక్కడ ప్రోగ్రాములు రాసే పనిలో పెట్టించాడు. సుందర్ రాజ్ అక్కడ ఉన్నాడు కదా అని ఆ తర్వాత తాను యార్డుకు వెళ్లడం మానేశాడు. కొత్త లైబ్రరీ కడితే సీడీ పంపేవాడు.

రోజుకు నాలుగు వందల ఎత్తులు, ఎత్తుకు నాలుగు సెకన్లు. దగ్గర దగ్గర అరగంట క్రేను ఊరికే నిలబడుతోందని మేనేజరు సణిగాడు. సుందర్ రాజ్ ఆ రెండక్షరాలూ కొట్టాడు. పేర్లన్నీ చూశాడు. గీత ఉన్న చెక్ నౌను చూశాడు. లిఫ్ట్ పర్మిట్ తీసేసి తన ప్రోగ్రాము చేత దాన్నే నేరుగా పిలిపించాడు. అరగంట మిగిలింది. ఆ ఏడాది అతను యార్డు కంప్యూటర్లన్నిటికీ ఇన్‌చార్జి అయ్యాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, బావకు అసలే చెప్పలేదు.

ఏడాదిన్నర గడిచింది. 2003 జూలైలో డేవిడ్ రాజు లైబ్రరీని శుభ్రం చేద్దామని కూర్చున్నాడు. లైబ్రరీ కట్టేటప్పుడే ఒక జాబితా ఫైలు ఇస్తే, అందులో ఉన్న పేర్లు మాత్రమే బయటికి కనపడే పద్ధతి ఒకటి ఉందని చదివాడు. పైన పదకొండు పేర్లు, చివర ఒక్క నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రానికి అర్థం తక్కినవన్నీ లోపలే అని. అలాగే కట్టాడు. రెండక్షరాల కమాండు కొట్టి చూసుకుంటే పదకొండే కనపడ్డాయి. నాలుగేళ్లుగా బార్లా తెరిచి ఉన్న తలుపుకు గడియ వేసినట్టు తృప్తిపడి, సీడీ పంపించి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా యార్డు నుంచి ఫోను. క్రేను ఆగిపోయింది. రేవు బెర్తులో ఓడ సరుకు కోసం ఎదురు చూస్తోంది.

డేవిడ్ రాజు స్కూటరేసుకుని వెళ్లేసరికి ఒక రాడ్ల కట్ట నేలకు జానెడు ఎత్తున వేలాడుతోంది. దాని పక్కన వరహాలు బీడీ కాల్చుకుంటున్నాడు. డేవిడ్ రాజును చూసి అతని మొహం విప్పారింది.

"ఎన్నాళ్లకొచ్చావు బాబూ! సూడు, నీ మిసను మూగబోనాది."

"ఏటయింది బాబాయ్?"

"నాకేటి తెలుస్తాది? ఎత్తినాడు, ఆగిపోనాది. ఏడాది పైనుంచి దీనికి తెలివి మీరిపోనాది బాబూ. ఇదివరకు నాను సేతి ఏళ్లు మడిసి లెక్కెట్టీవోణ్ణి గదా. ఇప్పుడు ఎత్తీ ఎత్తగానే పచ్చలైటు ఎలిగించీస్తంది. నాకన్నా బాగా నేర్సీసుకుందని నాను లెక్కెట్టడం మానీసినాను."

కంప్యూటరు గదిలోకి వెళ్లకముందే డేవిడ్ రాజుకు సంగతంతా అర్థమైపోయింది. ఆ నిమిషాన ఒక్క మాట చెప్పాల్సింది. 'బాబాయ్, దానికి తెలివి మీరలేదు, దొంగతనం నేర్చింది. నువ్వు వేళ్లు మడవడం మానొద్దు' అని. చెబితే యార్డంతా పాకుతుంది, సుందర్ రాజ్ ఉద్యోగం పోతుంది. నవ్వి ఊరుకున్నాడు. పెద్దమనిషి తరహా నవ్వు. జన్మలో మరిచిపోలేనిది కూడా ఆ నవ్వే.

లోపల స్క్రీను మీద ఒక్క వరుస. అన్‌డిఫైన్డ్ సింబల్, పక్కన గీతతో సహా చెక్ నౌ పేరు. అలాంటి పేరే నాకు తెలియదంటోంది లైబ్రరీ. సుందర్ రాజ్ కుర్చీలోంచి లేవలేదు.

"గీత ఉన్నదాన్ని ఎందుకు ముట్టుకున్నావు?"

"కనపడింది బావా. తలుపు తీసి ఉంటే ఎల్లకుండా ఎలగుంటాం?"

"అది ఆగదు. సగం బరువే చూస్తాది. కింద మనుషులున్నారు, తెల్దా నీకు?"

"ఏడాదిన్నర్లో ఏటైనా అయిందా? ఏటీ అవలేదు గదా."

"ఒక్క లైను మార్చు. లిఫ్ట్ పర్మిట్‌ను పిలువు. పది నిమిషాల పని."

"మారిస్తే నాలుగు సెకన్లూ మళ్లీ వచ్చీస్తాయి. ఎందుకొచ్చాయని మేనేజరు అడుగుతాడు. ఏటి సెప్పమంటావు? ఏడాదిన్నర దొంగదారిలో నడిపించానని సెప్పమంటావా?" సుందర్ రాజ్ గొంతు తగ్గించాడు. "ఆ పేరు బయటెట్టీ బావా. ఓడ ఎల్లిపోనీ. వచ్చే నెల నాను మార్చుకుంటాను. ఒట్టు."

కంచరపాలెం తిరిగొచ్చేసరికి సన్యాసిరాజు గుమ్మంలోనే ఉన్నాడు. యార్డు మేనేజరు ఆయనకు అప్పటికే మూడుసార్లు ఫోను చేశాడు.

"నిన్నటిదాకా నడిచిందంట. నువ్వు సీడీ పంపాక ఆగిందంట. మరి తప్పెవరిది డేవిడూ?"

"సార్, అది లోపలి పేరు. బయటివాళ్లు పిలవకూడదు."

"పిలవకూడదంటే ఇన్నాళ్లూ కనపడేలాగ ఎందుకుంచావు? ముందు తెరువు. తర్వాత మాటాడదాం."

డేవిడ్ రాజు గంటసేపు కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. సన్యాసిరాజు అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. డేవిడ్ రాజు కదల్లేదు. కదిలించింది ఎవాంజలిన్. తాను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి ఆటోలో వచ్చి, మెట్లెక్కి ఆయాసపడుతూ ఎదురుగా నిలబడింది. అయిదో నెల.

"అన్నయ్యా, ఆయన ఫోనులో ఏడ్సీసినారు. ఎప్పుడూ ఏడవలేదు." బల్లకు చెయ్యి ఆనించి అంది, "నూట నలభై పేర్లున్నాయంట గదా. ఒక్క పేరే గదన్నయ్యా."

మొగమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఆడవాళ్ల మీద కట్టారు గానీ అది మగవాళ్లకే బాగా కుదురుతుంది. డేవిడ్ రాజు జాబితా ఫైలు తెరిచాడు. నక్షత్రానికి పై వరుసలో పన్నెండో పేరు కొట్టాడు. పక్కన 'తాత్కాలికం' అని రాసుకున్నాడు, ఆ మాట తన మనసుకు తప్ప ఇంకెవరికీ పనికిరాదని తెలిసీ. లైబ్రరీ కట్టాడు. ప్రింటరు కాగితం కక్కింది. కాగితం మీద వరుసగా పన్నెండు పేర్లు. 'తాత్కాలికం' ఫైల్లోనే ఉండిపోయింది, కాగితం మీదకు రాలేదు. సన్యాసిరాజు పెన్ను అందించాడు. డేవిడ్ రాజు సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి క్రేను కదిలింది. ఓడ వెళ్లిపోయింది.

ఆగస్టులో అడిగితే సుందర్ రాజ్ "సేత్తన్నాను బావా" అన్నాడు. ఆగస్టు ఆఖర్లో అడిగితే "ఇంకో ఓడ ఉంది బావా" అన్నాడు. ఆ తర్వాత ఆదివారం చర్చి బయట కనపడితే పలకరించకుండా తప్పుకున్నాడు. డేవిడ్ రాజు కూడా మరీ వెంటపడలేదు. అడగడం తన వంతు, అడిగేశాను అన్నట్టు ఊరుకున్నాడు. చెప్పినవాడిదే పుణ్యం అనుకునే రకం మనుషులుంటారు, వాళ్లలో ఇతనొకడు.

సెప్టెంబరు పదిహేడున పొద్దున్నుంచీ వాన. క్రేను ఒక రాడ్ల కట్టను తగిలించుకుంది. దాని కిందున్న ఇంకో కట్ట కట్టుతీగ దీనికి చిక్కుకుంది. వానలో ఎవరికీ కనపడలేదు. తాడు బిగిసింది. చెక్ నౌ చూసింది. రెండు కట్టల బరువు పదహారు టన్నులు, అందులో సగం పైగా ఇంకా నేలే మోస్తోంది. పరిమితి పది. యంత్రానికి కనపడింది ఏడు. పచ్చలైటు వెలిగింది, క్రేను ఆగకుండా పైకి లాగింది. మనిషెత్తు లేచేసరికి పూర్తి బరువు తాడు మీద పడి, తాడు తెగింది. కింద వరహాలు ఉన్నాడు. ప్రాణం దక్కింది. రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు.

విచారణ యార్డు ఆఫీసులోనే జరిగింది. పెద్ద బల్ల, బయటినుంచి వచ్చిన అధికారి, మేనేజరు, సన్యాసిరాజు, సుందర్ రాజ్, డేవిడ్ రాజు. ఆగకుండా చూసే పనిని ఎందుకు పిలిచావని అధికారి సుందర్ రాజ్‌ను అడిగాడు. సుందర్ రాజ్ ఫైలు విప్పి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది కంపెనీవారు ఇచ్చిన జాబితా సార్. పిలవొచ్చని రాసి ఇచ్చినవి పన్నెండు. నేను పిలిచింది పన్నెండోది. కింద సంతకం డేవిడ్ రాజు గారిది."

గారట! రెండేళ్లలో బావా అని తప్ప పిలవనివాడు.

అధికారి కాగితాన్ని సన్యాసిరాజు వైపు తోశాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పేర్లన్నీ మొదటిసారి చూస్తున్నవాడిలా చూసి, "కాయితం మీద ఉన్నదానికి రాసినవాడే పూచీ సార్. అది మా పద్ధతి" అన్నాడు. పూచీ 'మనం' దగ్గర్నుంచి 'రాసినవాడి' దగ్గరికి ఎప్పుడు దిగిందో ఆ గదిలో డేవిడ్ రాజు ఒక్కడే గమనించాడు.

అప్పుడు నోరు విప్పాడు. అంతా చెప్పాడు. ఆ సంతకానికి ఏడాదిన్నర ముందే సుందర్ రాజ్ దాన్ని దొంగచాటుగా వాడాడనీ, తాను దాచేస్తే క్రేను ఆగిందనీ, ఓడ కోసం తెరవమన్నారనీ, అది ప్రమాదమని ఆ రోజే చెప్పాననీ. అధికారి ఓపిగ్గా రాసుకున్నాడు. కలం మూసి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"అంటే ప్రమాదమని తెలిసే సంతకం పెట్టారన్నమాట?"

డేవిడ్ రాజు కాగితం వంక చూశాడు. దాచి ఉన్నంతకాలం అది సుందర్ రాజ్ దొంగతనం. జాబితాలోకి ఎక్కిన రోజునుంచి అది తాను ఇచ్చిన మాట. చెల్లెలి కోసం చేశానని అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా రాసుకునే చోటు ఆ ఫారంలో లేదు.

ఉద్యోగం పోయింది. సుందర్ రాజ్‌ది పోలేదు. విచారణ అయిన సాయంత్రమే అతను ఆ ఒక్క లైనూ మార్చాడట, నిజంగానే పది నిమిషాలు పట్టిందట. ఎవాంజలిన్ డిసెంబరులో ఆడపిల్లను కంది. కబురు అన్నకు చర్చిలో పాస్టరు గారి నోట తెలిసింది.

విచారణ అయిన మూడో రోజున డేవిడ్ రాజు ఆసుపత్రికి వెళ్లాడు. పక్కన భార్య పోతమ్మ నేల మీద కునుకు తీస్తోంది. వరహాలు మేలుకునే ఉన్నాడు. నడుము కిందికి దుప్పటి కప్పారు. మోకాళ్ల దగ్గర్నుంచి అది పరుపుకు అతుక్కుపోయి ఉంది.

"రా బాబూ, కూకో" అన్నాడు వరహాలు. ఊరడించడానికి వచ్చినవాణ్ణి తానే ఊరడించాడు. "నీదేటుంది? తప్పు నాదే. ఎనక్కి తగ్గాల్సింది. పచ్చలైటు ఎలిగింది గదాని నిలబడిపోయినాను. ఆ లైటు నీది. నీది అబద్దం సెప్పదని నా నమ్మకం."

డేవిడ్ రాజు మంచం పక్క ఇనుప స్టూలు మీద కూర్చుని, తల దించుకుని మొత్తం చెప్పేశాడు. చెక్ నౌ సంగతి, సుందర్ రాజ్ సంగతి, పన్నెండో పేరు, సంతకం. జూలైలో క్రేను కింద తాను నవ్వి ఊరుకున్న సంగతి కూడా. వరహాలుకు సగం అర్థమైంది, కావలసిన సగమే అర్థమైంది.

దుప్పటి అంచు సరిచేసుకుని అడిగాడు.

"ఆగడం తీసీసినారు. ఎందుకు బాబూ? ఏటి మిగులుతాదని?"

"టైము."

"ఎంత?"

"ఎత్తుకు నాలుగు సెకన్లు."

వరహాలు దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశాడు. చూపుడువేలు మడిచాడు. కాసేపాగి నడిమివేలు, ఆ తర్వాత ఉంగరం వేలు, చివరికి చిటికెనవేలు. మడిచిన ఆ పిడికిలిని తన మొహానికి దగ్గరగా తెచ్చుకుని, అందులో ఏముందో అన్నట్టు చూశాడు.

"ఇంతేనా బాబూ?" అన్నాడు.

"ఇంతే" అన్నాడు డేవిడ్ రాజు.